‘ఐ లైక్’ పక్కన పెట్టి ‘నాకు నచ్చుతుంది’ అనుకోండి

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది గుంటూరు. సెప్టెంబరులో మాస్టర్స్ చదవడానికి స్పెయిన్‌లోని వలెన్సియా వెళ్తున్నాను. అక్కడ ఒక పెద్దావిడ ఇంట్లో గది దొరికింది. రాత్రి భోజనం ఆవిడతోనే. ఇక్కడ ఆన్‌లైన్ క్లాసులో స్పానిష్ నేర్చుకుంటున్నాను. మిగతా పాఠాలు ఎలాగో నెట్టుకొచ్చాను గానీ, ఇష్టాలు, అయిష్టాలు చెప్పే పాఠం దగ్గర ఆగిపోయాను. ‘యో గుస్తొ కఫే’ అన్నాను, తప్పన్నారు. ‘యో మె గుస్త’ అన్నాను, అదీ తప్పే. మా సార్ పాఠం బాగా చెప్తారని చెప్పబోయి ‘మె గుస్త మి ప్రొఫెసోర్’ అంటే క్లాసంతా నవ్వింది. పైగా నేను శాకాహారిని. ఆ పెద్దావిడ ప్రేమగా వడ్డించినదాన్ని ఎలా వద్దనాలో తెలియక ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది. ఈ పాఠం ఎలా దాటాలో చెప్పండి.
— ఒక పాఠకురాలు

సమాధానం:

మీరు తెలుగులో అనుకున్నదాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుని, అక్కడినుంచి స్పానిష్‌లోకి వెళ్తున్నారమ్మా. మిగతా పాఠాల్లో ఈ చుట్టుదారి వల్ల పెద్ద నష్టం లేదు. ఈ ఒక్క పాఠంలో మాత్రం అది మిమ్మల్ని సరిగ్గా ఎదురు దిక్కుకి తీసుకెళ్తుంది. ఎందుకంటే ఈ విషయంలో స్పానిష్, తెలుగు ఒక వైపు, ఇంగ్లీషు మరో వైపు.

ఇంగ్లీషులో ‘ఐ లైక్ కాఫీ’ అంటే ఇష్టపడే పని చేసేది నేను. కాఫీ ఊరికే అక్కడ ఉంది. తెలుగులో ‘కాఫీ నాకు నచ్చుతుంది’ అంటాం. నచ్చేది కాఫీ. నేను ‘నాకు’గా పక్కన నిలబడ్డాను. స్పానిష్ వాళ్ళు చెప్పేదీ ఇదే. ‘మె గుస్త ఎల్ కఫే.’ మె అంటే నాకు, గుస్త అంటే నచ్చుతుంది, ఎల్ కఫే అంటే కాఫీ. ఫేస్‌బుక్ స్పానిష్‌లో పెట్టుకుంటే లైక్ బటన్ మీద ‘మె గుస్త’ అని ఉంటుంది. అంటే ‘నాకు నచ్చింది’ అని.

ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళకు ఈ పాఠం నిజంగానే కష్టం. వాళ్ళ కోసం రాసిన పుస్తకాల్లో దీనికి పేజీలకు పేజీల వివరణ ఉంటుంది, వాక్యాన్ని తిరగేసి ఆలోచించమని చెప్తుంటారు. అవి చదివి మన పిల్లలు కూడా ఇదేదో పెద్ద చిక్కు అనుకుని భయపడుతున్నారు. నాకు బాధ కలిగించేది అదే. మీరు తిరగేయాల్సింది ఏమీ లేదు. ‘అన్నయ్యకు పులుపు నచ్చదు’ అని పుట్టినప్పటినుంచీ అంటున్నవాళ్ళకు ఈ వాక్యం కొత్తగా నేర్పక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మనసులో ‘ఇష్టం’ అనే మాట కాకుండా ‘నచ్చు’ అనే క్రియనే పెట్టుకోండి. ‘ఇష్టం’ దేనికీ మారదు. ఒక్క మామిడిపండైనా, బుట్టెడైనా ఇష్టమే. ‘నచ్చు’ అలా కాదు. చీర నచ్చింది, చీరలు నచ్చాయి, నువ్వు నచ్చావు, నేను నచ్చాను. గుస్తార్ అనే స్పానిష్ క్రియ కూడా అలాగే నచ్చేదాన్ని బట్టి మారుతుంది. ఒక్కటైతే గుస్త, ఎక్కువైతే గుస్తన్. ‘మె గుస్త ఎల్ మాంగో’, ‘మె గుస్తన్ లోస్ మాంగోస్’. ‘నువ్వు నాకు నచ్చావు’ అనాలంటే ‘మె గుస్తస్’. ‘నేను నీకు నచ్చానా?’ అని అడగాలంటే ‘తె గుస్తొ?’

ఆ చివరిది మళ్ళీ చూడండి. మీరు క్లాసులో అన్న ‘గుస్తొ’ లేని మాటేమీ కాదు, ఉన్నదే. కానీ దాని అర్థం ‘నేను నచ్చుతాను’. ‘యో గుస్తొ కఫే’ అన్నప్పుడు మీరు ‘నేను నచ్చుతాను కాఫీ’ అన్నారన్నమాట. ‘యో మె గుస్త’ అంటే ‘నేను నాకు నచ్చుతుంది’. తెలుగులో పెట్టి చూస్తే ఎక్కడ తప్పిందో మీకే కనిపిస్తుంది. ఇకమీదట సందేహం వచ్చినప్పుడల్లా ఈ పరీక్షే చేయండి.

నాకు మె, నీకు తె. అతనికి, ఆమెకు, మర్యాదగా మాట్లాడేటప్పుడు ఒక్కరినే ఉద్దేశించే మీకు, ఈ మూడింటికీ లె. మాకు అన్నా మనకు అన్నా నోస్, ఆ తేడా స్పానిష్‌లో లేదు. వాళ్ళకు అంటే లెస్. స్నేహితులు నలుగురిని కలిపి ‘మీకు’ అనాలంటే స్పెయిన్‌లో ఓస్ అంటారు. మెక్సికో, కొలంబియా, అర్జెంటీనా లాంటి లాటిన్ అమెరికా దేశాల్లో ఓస్ వాడరు, అక్కడ దానికీ లెస్సే. ఇంగ్లీషులో అందరికీ ఒక్కటే ‘యు’ కాబట్టి వాళ్ళు తె, లె తేడా దగ్గర తడబడతారు. నీకు, మీకు తేడా మన నాలుక మీదే ఉంది. మీ ఇంటి పెద్దావిడతో మొదటి రోజు ‘లె గుస్త?’ అని మీరుతోనే మొదలుపెట్టండి. స్పెయిన్‌లో తొందరగానే ‘నువ్వు’ అనుకుంటారు. ఆవిడే ‘తుతేఆమె’ అంటే, నన్ను నువ్వు అని పిలువమ్మా అని అర్థం. అప్పుడు ‘తె గుస్త?’లోకి మారండి. పెద్దావిడను నువ్వు అనడం మనకు ఎబ్బెట్టుగా ఉంటుంది, కానీ ఆవిడ అడిగాక మారకపోతే దూరం పెట్టినట్టు అనిపించవచ్చు.

ఉచ్చారణలో కూడా ఇంగ్లీషు దారి వద్దు. చాలామంది ‘గుస్టా’ అంటున్నారు. స్పానిష్‌లో ఆ అక్షరం మన ‘తల’లో ఉన్న త. నాలుక పై పళ్ళకు తగలాలి. ఒత్తు మొదటి భాగం మీద, గుస్ మీద పడాలి.

ఇంతవరకూ తెలుగు మీకు తోడుంది. తోడు రాని చోట్లు కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషు వదిలేశాక మన తెలుగువాళ్ళకు వచ్చే తప్పులు వేరేగా ఉంటాయి.

అన్నిటికంటే ఎక్కువగా తప్పేది ‘మా అమ్మకు టీ ఇష్టం’ లాంటి వాక్యం. ‘అమ్మకు’ అనేశాక మనకు ఇంక ‘ఆమెకు’ అని చెప్పే అవసరం లేదు. స్పానిష్‌లో రెండూ చెప్పాలి. ‘ఆ మి మాద్రె లె గుస్త ఎల్ తె.’ మా అమ్మకు, ఆమెకు, నచ్చుతుంది టీ. ఇక్కడ ఆ ‘లె’ వదిలేయకూడదు. ముందున్న ‘ఆ’ మన ‘కు’ ప్రత్యయం చేసే పని చేస్తోంది, అది కూడా పోకూడదు. ఇంట్లోవాళ్ళ మీదే వాక్యాలు అల్లండి. నాన్నకు క్రికెట్, ‘ఆ మి పాద్రె లె గుస్త ఎల్ క్రికెత్’. తాతయ్యా నానమ్మలకు పాత పాటలు, ‘ఆ మిస్ అబుయేలోస్ లెస్ గుస్తన్ లాస్ కాన్సియోనెస్ అంతిగ్వాస్’. రెండో వాక్యంలో రెండు వైపులా బహువచనం ఉంది. లెస్ వచ్చింది తాతయ్య, నానమ్మల వల్ల. గుస్తన్ వచ్చింది పాటల వల్ల. ఈ రెండూ విడివిడిగా మారతాయని పట్టుకుంటే ఇక ఈ పాఠంలో భయపడాల్సింది దాదాపు ఏమీ ఉండదు.

రెండోది ఎల్, లా, లోస్, లాస్. మన భాషలో ఇలాంటివి లేవు కాబట్టి మనం వదిలేస్తాం. మీ మొదటి వాక్యంలో ‘కఫే’ ముందు ‘ఎల్’ లేదు, గమనించారా? సాధారణంగా కాఫీ అంటేనే ఇష్టం అని చెప్పేటప్పుడు అది ఉండి తీరాలి. పనులకు మాత్రం అక్కర్లేదు. పాడటం ఇష్టమైతే ‘మె గుస్త కాంతార్’. పాడటం, నాట్యం చేయడం రెండూ ఇష్టమైనా ‘మె గుస్త కాంతార్ ఇ బైలార్’, గుస్తన్ కాదు.

మూడోది కాలం. ఇది కొంచెం లోతైన విషయం, పుస్తకాల్లో మన కోసం ఎవరూ రాయరు. బట్టల షాపులో చీర చూస్తూ మనం ‘నచ్చింది’ అంటాం. చూస్తున్నది ఇప్పుడే, ఇష్టం ఉన్నది ఇప్పుడే, కానీ మాట భూతకాలంలో ఉంది. స్పెయిన్‌లో అలాంటప్పుడు వర్తమానమే వాడతారు. వలెన్సియాలో 1928లో తెరిచిన సెంట్రల్ మార్కెట్ ఉంది, మెర్కాదో సెంత్రాల్ అంటారు. మీరు తప్పకుండా వెళ్తారు. అక్కడ నారింజ పళ్ళ ముందు నిలబడి ‘ఇవి ఎక్కువ నచ్చాయి’ అనాలంటే ‘మె గుస్తన్ మాస్ ఎస్తాస్’ అనాలి. అయిపోయినదాన్ని గురించైతేనే ‘గుస్తో’, చివరి అక్షరం మీద ఒత్తుతో. నిన్న చూసిన సినిమా నచ్చింది అంటే ‘మె గుస్తో లా పెలీకులా’. చిన్నప్పుడు ఎప్పుడూ ఇష్టంగా ఉండేది అన్నప్పుడు మరో రూపం. ‘దె నీన్యా మె గుస్తాబ ఎల్ క్రికెత్’, చిన్నప్పుడు నాకు క్రికెట్ నచ్చేది. నచ్చింది, నచ్చేది అనే మన తేడాయే గుస్తో, గుస్తాబ తేడా.

ఇంకొకటి. ‘నాకు’తో మొదలయ్యే ప్రతి తెలుగు వాక్యమూ స్పానిష్‌లో ‘మె’తో మొదలవుతుందని అనుకోవద్దు. ఉత్సాహంలో చాలామంది ఇక్కడ పడిపోతారు. నాకు ఆకలిగా ఉంది అంటే ‘తెంగో ఆంబ్రె’. నాకు ఇద్దరు అన్నయ్యలు అంటే ‘తెంగో దోస్ ఎర్మానోస్’. రెండింటిలోనూ ‘నా దగ్గర ఉంది’ అనే తీరే. నాకు తెలుసు అంటే ‘సె’. నాకు కావాలి అంటే ‘కియేరో’, నాకు వద్దు అంటే ‘నో కియేరో’. ఇష్టాల్లోనే కూడా రెండు మాటలు ‘నేను’ వైపు ఉన్నాయి. దీనికన్నా అదే మేలనుకుంటాను అంటే ‘ప్రెఫియేరో ఎల్ తె’, నాకు అసహ్యం అంటే ‘ఓదియో’. మరోవైపు ‘మె’తో కలిసి వచ్చేవీ ఉన్నాయి. ‘మె ఇంతెరేస’ అంటే నాకు ఆసక్తిగా ఉంది, ‘మె దుయేలె లా కబేస’ అంటే నాకు తల నొప్పిగా ఉంది, ‘మె ఫాల్త’ అంటే నాకు తక్కువైంది. నాకు బాగా నచ్చే మాట ‘మె అపెతేసె’. ‘మె అపెతేసె ఉన్ కఫే’ అంటే కాఫీ తాగాలనిపిస్తోంది అని. స్పెయిన్‌లో దీన్ని రోజూ వింటారు. కొలంబియాలో ఇదే అడగడానికి ‘లె ప్రొవోక ఉన్ తింతో?’ అంటారు. అక్కడ తింతో అంటే పాలు లేని కాఫీ. స్పెయిన్‌లో తింతో అంటే రెడ్ వైన్. మీరు వలెన్సియాలో పొద్దున్నే తింతో అడగకండి.

వలెన్సియాలో స్పానిష్‌తో పాటు వలెన్సియన్ కూడా అధికార భాష. ‘మగ్రాద’ అని వినిపిస్తే కంగారు పడకండి, అదీ ‘నాకు నచ్చుతుంది’ అనే మాటే. ఆ భాష వాక్యం కూడా మన దారిలోనే నడుస్తుంది.

ఇక మీ క్లాసు ఎందుకు నవ్విందో. పెళ్ళిచూపులయ్యాక ‘అబ్బాయి నచ్చాడా?’ అని అడుగుతారు కదా. ఆ ‘నచ్చాడు’కి ఉన్న అర్థమే మనుషుల విషయంలో గుస్తార్‌కు సులభంగా వచ్చేస్తుంది. నటులు, గాయకులు, నాయకుల గురించి అయితే ఫరవాలేదు. మీకు తెలిసిన మనిషి గురించి అంటే మాత్రం మనసు పడ్డారనుకుంటారు. మీరు అనాల్సింది ‘మె గుస్త కోమో ఎన్సేన్య’, ఆయన చెప్పే తీరు నాకు నచ్చుతుంది అని. మనిషి మంచివాడనిపిస్తే ‘మె కాయె బియెన్’. సరిపడకపోతే ‘మె కాయె మాల్’. మనుషులకు ఈ రెండూ, వస్తువులకూ పనులకూ గుస్తార్ అని పెట్టుకుంటే మళ్ళీ ఇబ్బంది రాదు. మీ సార్‌కు కూడా ఏమీ అనిపించి ఉండదు. స్పానిష్ చెప్పేవాళ్ళందరూ ప్రతి బ్యాచ్‌లోనూ ఈ వాక్యం వింటూనే ఉంటారు.

ఎంత ఇష్టమో చెప్పడం సులువు. మామూలుగా ‘మె గుస్త’, చాలా అయితే ‘మె గుస్త ముచో’, ప్రాణం అయితే ‘మె ఎన్‌కాంత’. ఎన్‌కాంత పక్కన ముచో పెట్టకూడదు, అందులోనే అది ఉంది. పులుపూ కారమూ అంటే ప్రాణమని చెప్పాలంటే ‘మె ఎన్‌కాంత లో ఆసిదో ఇ లో పికాంతె’. గుంటూరు అమ్మాయికి ఈ వాక్యం అవసరం పడుతుంది. స్పెయిన్ వంటల్లో చాలావాటికి కారం ఉండదు, ముందే తెలుసుకుని వెళ్ళండి.

నచ్చదని చెప్పడానికి ‘నో’ ముందుకు వస్తుంది. ‘నో మె గుస్త.’ అంతగా నచ్చదు అంటే ‘నో మె గుస్త ముచో’, అస్సలు నచ్చదు అంటే ‘నో మె గుస్త నాదా’. భోజనాల బల్ల దగ్గర ఈ చివరిది వాడకండి, గట్టిగా ఉంటుంది. ఎదుటివాళ్ళు ఏదైనా ఇష్టమని చెప్తే, మీకూ ఇష్టమైతే ‘ఆ మీ తంబియేన్’, నాకూ అని. ‘యో తంబియేన్’ అంటే నేనూ అని, ఇక్కడ అతకదు. వాళ్ళు నచ్చదంటే మీకూ నచ్చకపోతే ‘ఆ మీ తంపోకో’. వాళ్ళు నచ్చదంటే మీకు నచ్చితే ‘ఆ మీ సీ’, నచ్చుతుందంటే మీకు నచ్చకపోతే ‘ఆ మీ నో’. మొదటి నెలలో కబుర్లు ఎక్కువగా ఈ నాలుగు ముక్కల మీదే నడుస్తాయి. స్పెయిన్‌లో ఆలుగడ్డ, గుడ్లతో చేసే తోర్తియాలో ఉల్లిపాయ వేయాలా వద్దా అని ఎప్పటినుంచో వాదులాడుకుంటారు. ఆ వాదన మొదలైనప్పుడు మీరూ ఒక వైపు చేరవచ్చు.

మీ అసలు భయం దగ్గరికి వద్దాం. శాకాహారం గురించి చెప్పేటప్పుడు గుస్తార్ వాడొద్దు. ‘నో మె గుస్త లా కార్నె’ అంటే మాంసం రుచి నచ్చదని మాత్రమే. ప్రేమ గల పెద్దావిడ అది విని ‘అయ్యో, నేను చేసింది ఒక్కసారి తిని చూడు’ అంటుంది. అక్కడ తప్పు ఆవిడది కాదు. మీరు చెప్పాల్సింది తినను అని. ‘సోయ్ బెహెతారియానా, నో కోమో కార్నె.’ ఇది కూడా సరిపోదు. కార్నె అనగానే చాలామందికి మాంసం ముక్కలే గుర్తొస్తాయి, హమోన్ అనే ఎండబెట్టిన పంది మాంసమూ చేపలూ ఆ లెక్కలోకి రావు. కూరగాయల వంటకంలో సన్నగా తరిగిన హమోన్, సలాడ్‌లో ట్యూనా చేప రావడం మామూలు. మన పప్పులా కనిపించే లెంతేహస్‌లో చోరీసో అనే పంది మాంసం ముక్కలు వేయడం అలవాటు. వలెన్సియా వాళ్ళు ఎంతో గర్వపడే పాయేయా చూడటానికి పులావులా ఉన్నా, అసలైన దాంట్లో కోడి, కుందేలు మాంసం ఉంటాయి. కాబట్టి ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పండి, హోటల్లో అయితే ‘యేబ హమోన్?’, ‘యేబ కాల్దో దె పోయో?’ అని అడగండి. ఇందులో హమోన్ ఉందా, చికెన్ ఉడికించిన నీళ్ళు పోశారా అని. గుడ్డు కూడా తినకపోతే అదీ విడిగా చెప్పాలి. స్పెయిన్‌లో వెజిటేరియన్ అంటే పాలు, గుడ్లు తింటారనే అనుకుంటారు.

తినగలిగినవి కూడా చాలానే ఉన్నాయి. వేసవిలో చల్లటి టమాటా గస్‌పాచో, టమాటా రుద్దిన రొట్టె, వలెన్సియా సొంత పానీయం ఓర్చాతా. అది చూఫా అనే చిన్న దుంపల పాలు, ఆవు పాలు ఉండవు. ఇవి తిని, తాగి ‘మె ఎన్‌కాంత’ అని నిండు మనసుతో చెప్పండి. నచ్చినవాటిని ఇలా గట్టిగా చెప్పేవాళ్ళు ఏదైనా వద్దంటే ఎవరూ బాధపడరు.

తినేదే కానీ ఇక చాలు అనిపిస్తే ‘ఎస్తా ముయ్ రికో, పెరో నో పుయేదో మాస్’, చాలా బాగుంది కానీ ఇక తినలేను. తీపి అంతగా తినకపోతే ‘నో సోయ్ ముయ్ దె దుల్సెస్’. ఎక్కడికైనా పిలిస్తే, రావాలని ఉన్నా కుదరకపోతే ‘మె గుస్తరీయ, పెరో నో పుయేదో’. మె గుస్తరీయ అంటే ‘నాకు రావాలనే ఉంది’ అన్నంత మెత్తగా ఉంటుంది. రాను అని ముఖం మీద చెప్పకుండా ఉండటానికి రోజూ పనికొస్తుంది.

‘నువ్వు రావడం నాకు ఇష్టం’ లాంటి వాక్యాలకు క్రియ రూపం వేరేగా మారుతుంది. వాటి జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. విమానం ఎక్కేలోపు ఇంట్లో ఉన్న ప్రతి మనిషికీ రెండు నచ్చేవి, ఒకటి నచ్చనిది పైకి చదువుతూ చెప్పండి. రాసి ఊరుకోవద్దు, ‘ఆ... లె...’ జంట నోటికి పట్టాలి.

ఇక ఇల్లు చేరిన మొదటి సాయంత్రమే, ఆవిడ వంట మొదలుపెట్టకముందే, ఈ మాటలు స్పానిష్ లిపిలో కాగితం మీద రాసి ఇవ్వండి, చదివి కూడా వినిపించండి. ‘సోయ్ బెహెతారియానా. నో కోమో కార్నె, ని పోయో, ని పెస్కాదో, ని హమోన్. మె ఎన్‌కాంతన్ లాస్ బెర్దూరాస్, ఎల్ అర్రోస్ ఇ లో పికాంతె.’ నేను శాకాహారిని, మాంసం, చికెన్, చేప, హమోన్ తినను, కూరగాయలు, అన్నం, కారం అంటే నాకు ప్రాణం అని. ఫ్రిజ్ తలుపు మీద అతికించమని ఆవిడనే అడగండి.